అక్క వార్డుకు పంపిన వెర్షన్

అక్కా,

ఫోన్‌లో నువ్వన్న మాట ఇంకా చెవిలో గింగురుమంటోంది. "పక్క ఆసుపత్రి ఇంక్యుబేటర్లకి తెరలు తళతళలాడిపోతున్నాయి. సొంత అక్క వార్డుకి మాత్రం పాత సరుకు పంపిస్తావా?" అన్నావు.

అది పాత సరుకు కాదక్కా. మా కంపెనీ పంపే ఇంక్యుబేటర్ పెట్టెను నడిపించే సాఫ్ట్‌వేర్ రెండు రకాలుగా వస్తుంది. ఒకటి కొన్ని నెలలకోసారి కొత్త హంగులతో దిగుతుంది, తర్వాతిది రాగానే దాన్ని పట్టించుకునే నాథుడుండడు. రెండోదానికి హంగులుండవు గానీ, ఏళ్ల తరబడి లోపాలు సరిచేస్తూనే ఉంటారు. నెలలు నిండని పిల్లల కోసమని రెండోదే ఎంచుకున్నాను.

కొత్తదాన్నీ మా బల్ల మీద పరీక్షించాను. కరెంటు పోయి వస్తే అలారం వెంటనే మోగాలి. తెర వెలిగింది, అలారం మాత్రం చాలాసేపు మూగగా ఉండిపోయింది. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లను అడిగితే "వచ్చే వెర్షన్‌లో చూద్దాం లెండి" అన్నారు.

మా మేనేజర్‌కు అదే చెప్పాను. "కొనేవాళ్లు వెర్షన్ నంబరు చూస్తారయ్యా, నీ అలారం ఎవరు వింటారు?" అన్నారు.

"వార్డులో మా అక్క వింటుంది సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. కొత్తదానికి నేను ఆమోదం ఇవ్వలేదు. సోమవారం నుంచి నన్ను వేరే విభాగానికి మారుస్తున్నారు. అమ్మకు చెప్పకు, కంగారుపడుతుంది.

నా చోటికి వచ్చినవాళ్లు మీకు కొత్త వెర్షన్ పంపవచ్చు. అప్పటికి అది బాగుపడిందో లేదో నాకు తెలియదు. బిడ్డను అందులో పడుకోబెట్టే ముందు నువ్వే ఒకసారి ప్లగ్గు పీకి మళ్లీ పెట్టి చూడు. అలారం వెంటనే మోగకపోతే, ఎవరెంత చెప్పినా ఆ పెట్టె మూత తెరవకు.

నీ తమ్ముడు