చేపల తొట్టి అడుగు అద్దం

చిరంజీవి తమ్ముడిని అక్క దీవించి రాయునది. మోకాలి నొప్పి తప్పిస్తే నేను నిక్షేపంలా ఉన్నాను. అక్కడ నువ్వూ, మరదలూ, మన బుడంకాయా చల్లగా ఉన్నారని తలుస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలికి పట్టీ వేసుకుంటున్నాను, వేసుకోవట్లేదని మరదలికి చాడీలు చెప్పకు. అద్దాల కొట్టు మానేయమన్నావు. మానేసి ఇంట్లో కూర్చుని గోళ్లు గిల్లుకోనా? ఇక నాన్న చేపల తొట్టి. కూతురు చేపలు కావాలని నీ ప్రాణం తీస్తోంది, అటక మీద ఉన్నదాన్ని బాగుచేసి పంపమన్నావు కదా, అయిపోయింది.

దాన్ని దించేసరికి నడుం పడిపోయిందనుకో. పక్క అద్దాలు నాలుగూ బాగానే ఉన్నాయి, అడుగు అద్దమే మూడు ముక్కలు. మూలల్లో పాత సిలికాన్ బ్లేడుతో గీకడానికే మూడు రోజులు పట్టింది. మా ఓనరు చూసి, "పగిలినవి పారేసి కొత్తవి కొంటారనే కదా మనం బతుకుతున్నాం, కొట్టు ముంచేలా ఉన్నావే తల్లీ" అన్నాడు. అడుక్కి మందంపాటి అద్దం కోసి, అంచులు సానపట్టి, స్పిరిటుతో తుడిచి అతికించాను. స్నానాల గదికి వాడే సిలికాన్ వాడలేదులే, అందులో బూజు పట్టకుండా మందు కలుపుతారు, చేపలు చచ్చిపోతాయి. వారం ఆరనిచ్చి, నీళ్లు నింపి రెండు రోజులు చూశాను. చుక్క కారలేదు. అక్కడ పెట్టేటప్పుడు కింద థర్మాకోల్ షీటు పరుచు. పరిచేముందు స్టాండు చెక్కని అరచేత్తో తడిమి చూడు, ఇసుక రేణువు కూడా ఉండకూడదు.

నీ ఉత్తరంలో ఒక్క మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. "ఎలాగూ నేను పగలగొట్టిందే కదక్కా. బంతి తగిలిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇంట్లో బంతాట వద్దని మా అమ్మాయికి ఆ కథే చెబుతుంటాను" అని రాశావు.

ఏ చప్పుడురా? ఆ రోజు చేపల్ని దోసిళ్లతో ఎత్తి బకెట్లో వేస్తూ, "నేను ముట్టుకోలేదక్కా, బంతి వీధిలోనే ఉంది" అని ఏడ్చావు. పదకొండేళ్లవాడివి. అబద్ధం కూడానా అని నీ చెంప పగిలేలా కొట్టాను. మంచం మీంచి కదల్లేని నాన్నకి ఆ చేపలే కాలక్షేపం. ఆయన పదకొండు రోజులు నీతో మాట్లాడలేదు. పన్నెండో రోజు పోయాడు.

ఫోనులో చెబుదామని మూడుసార్లు చేశాను. నీ గొంతు వినగానే ఎండల గురించి మాట్లాడి పెట్టేశాను.

తమ్ముడూ, ఆ తొట్టి నా వల్ల పగిలింది. నాన్న పడుకుని చూస్తాడని హాల్లోంచి ఆయన గదిలోకి మార్చి, స్టాండు బిగించింది నేనే. అప్పుడు ఒక నట్టు జారి చెక్క మీద పడింది. చూసుకోకుండా తొట్టిని దాని మీదే పెట్టి నీళ్లు నింపాను. అంత బరువుకి అద్దం నాలుగు రోజులు ఆగడమే ఎక్కువ. పగిలిన మర్నాడు తొట్టి ఎత్తితే నట్టు అక్కడే ఉంది. బీట దాని దగ్గరే మొదలైంది. తీసి కాలవలో పడేశాను.

మర్నాడే తెలుసురా నాకు. నాన్న ఇంకా పది రోజులు బతికే ఉన్నాడు. నువ్వు ఆయన గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రావాలా వద్దా అని నా మొహం చూసేవాడివి. నేనొక్క మాట అంటే ఆయన నిన్ను దగ్గరికి పిలిచేవాడు. నా మీద కోపమొస్తే నా చేతి ముద్ద తినడేమోనని భయపడ్డానని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అదేం కాదు. అప్పటికి అద్దాల కొట్లో చేరి మూడు నెలలు, పనంతా వచ్చేసిందని విర్రవీగేదాన్ని. పరువు పోతుందని నోరు మూసుకున్నాను. ఇరవై రెండేళ్లకి, చెయ్యని తప్పుని నువ్వే ఒప్పుకునేదాకా తెచ్చాను.

నన్ను క్షమించమని అడిగే మొహం లేదు. ఇది చదవగానే బుడంకాయని పిలిచి, "తొట్టి నేను పగలగొట్టలేదు, అత్త వల్ల పగిలింది" అని చెప్పు. మరి అత్త ఎందుకు చెప్పలేదని అడిగితే ఫోను దాని చేతికివ్వు. ఆ జవాబు నేనే చెప్పుకుంటాను. మన నాన్నకి చెప్పలేకపోయాను. ఆ రోజు నువ్వు నిజమే చెప్పావురా.

ఇట్లు,
తెలిసి తెలిసీ నిన్ను దోషిని చేసిన
నీ అక్క