చేప కింద పేరు

విజయనగరం,
ఆగస్టు 6

ప్రియమైన నాన్నకి,

స్వర్ణ వందనాలు. నేను బాగానే ఉన్నాను. కంటి ఆపరేషన్ అయ్యాక నిన్ను ఫోన్ చూడొద్దన్నారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. అది సాకు. మొన్న ఆదివారం గరివిడి వచ్చినప్పుడే ఈ మాట చెప్పాల్సింది. అమ్మ చేసిన కూర తిని, చెప్పకుండా బస్సెక్కేశాను.

ఆరేళ్ళు ఫ్లెక్సీల షాపులో చేశానని నీకు తెలుసు. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, సంతాపాలు. నాయకుడి తల ఎంత ఉండాలో, పక్కవాడి తల ఎంత తగ్గాలో కొలిచి పెట్టడమే అక్కడ నా కళ. ఆ తర్వాత పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసే పని దొరికింది. మొదటి పుస్తకంలో సముద్రం అడుగున పడుకున్న పెద్ద చేప ఉంటుంది. ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి. హైదరాబాద్ ప్రచురణకర్తలు ఆ చేపని చూసే నాకు ఇంకో మూడు పుస్తకాలు ఇచ్చారు. "ఈ కన్ను ఎక్కడ దొరికిందండీ మీకు?" అని అడిగితే, ఊహ అన్నాను.

ఊహ కాదు. అది నీ చేప. మన చర్చిలో సండేస్కూల్ పిల్లలకి, మనిషిని మింగిన చేప పాఠం చెబుతూ నువ్వు చూపించే చార్టులోది. చిన్నప్పుడు ముందు వరసలో కూర్చుని పాఠం వినకుండా దాన్నే చూసేదాన్ని. మూలన 'పరంజ్యోతి' అని నీ పేరు కూడా ఉంటుంది. పుస్తకానికి గీస్తున్నప్పుడు అది నా సొంతమే అనుకున్నాను. పోయిన నెల చర్చి బీరువాలో ఆ చార్టు కనబడ్డాక అలా అనుకోవడానికి వీల్లేకపోయింది. పొలుసులతో సహా అదే.

పుస్తకం మళ్ళీ అచ్చుకి వెళుతోంది. ఈసారి చేప కింద నీ పేరు వెయ్యమని సోమవారం వాళ్ళకి రాస్తాను. మిగతా పుస్తకాలు పోతే పోతాయి, మళ్ళీ తలలు కొలుచుకుంటాను. నువ్వు ఆ పుస్తకం చూసి "బాగుందమ్మా" అని మూసేశావు. గుర్తుపట్టి కూడా ఊరుకున్నావని నా అనుమానం. అందుకే సిగ్గుగా ఉంది. క్షమించు.

నీ కూతురు,
స్వర్ణ


గరివిడి,
ఆగస్టు 12

స్వర్ణమ్మకి,

అమ్మ ఆశీర్వాదాలు. నీ ఉత్తరం మీ నాన్నకి నేనే చదివి వినిపించాను. ఇంకా నల్లద్దాలే కదా. 'అది నీ చేప' అన్నచోట నా నోరు ఆగిపోయింది.

"ఏటే, ఆగిపోనావేటి? సదువు," అన్నారు.

చదివాను. చివరిదాకా విన్నారు. తర్వాత, "పిల్లకి నిజం సెప్పీ. నువ్వే రాయి," అన్నారు.

ఆ చేప నేను గీశాను. ఆ చార్టులన్నీ నేనే గీశాను. నాన్న ప్లాంటులో డ్యూటీ దిగి వచ్చి పాఠం చదువుకుంటుంటే, పక్కన కూర్చుని బొమ్మ నేను వేసేదాన్ని. ఆ కన్ను నాకూ ఊహ కాదు. ఆదివారం భోజనం అయ్యాక మీ నాన్న కునుకు తీసే తీరు అది. మొదటి చార్టు చూసి సంఘపెద్ద థామస్ గారు "బలే గీసినావురా పరంజ్యోతీ" అన్నారట. ఈయన కాదనలేదు. తర్వాత కమిటీ వాళ్ళు చార్టు మూలన మాస్టారి పేరు ఉండాలన్నారు. ఆ పేరు కూడా నా చేతే రాయించారు.

"అప్పుడు కాదనలేకపోనాను. తర్వాత సెప్తే అబద్దాలకోరునైపోతానని ఊరుకున్నాను. తప్పు నాదే ఎలీసమ్మా," అన్నారు నిన్న. ముప్పై ఏళ్ళకి.

నేను అడగలేదు కాబట్టి నాకేమీ లేదనుకున్నారు. ఉంది. పిల్లలందరూ మాస్టారి చేప, మాస్టారి చేప అంటుంటే వెనక చాప మీద కూర్చుని వినేదాన్ని. బాధగానే ఉండేది. నీ పుస్తకం వచ్చిన రోజు చేపని చూడగానే గుర్తుపట్టాను. సంతోషం వేసింది, బాధ కూడా వేసింది. రెండూ ఎవరికీ చెప్పలేదు.

సోమవారం వాళ్ళకి రాసే ఉంటావు. మళ్ళీ రాయి. నాన్న పేరు తీయించి నా పేరు వేయించు. ఇలా మాటలు మారుస్తుంటే నీ పుస్తకాలు పోతాయేమోనని భయంగానే ఉంది. అయినా వేయించు.

ఈ ఉత్తరం కింద సంతకం తాను చేస్తానని మీ నాన్న పెన్ను అడిగారు. ఇవ్వలేదు.

ఎలీసమ్మ