బిళ్ల బ్యాటరీ తీశాక

కుమాసి,
బుధవారం.

అచియా అక్కకు,

శనివారం మీ అమ్మగారి అంత్యక్రియల్లో వేయాల్సిన వీడియో గురించి రాస్తున్నాను. ఫోనులో చెప్పే ధైర్యం లేదు.

పని త్వరగా తెమలాలని మొన్న నా కంప్యూటర్ ప్రాసెసర్ వేగం హద్దు దాటించి పెట్టాను. అమ్మగారు మనవళ్లను పేరుపేరునా పిలిచే ముక్కను కత్తిరించి, పాత ఫైలు మీదే సేవ్ చేస్తుండగా తెర నల్లబడింది. మళ్లీ మీట నొక్కితే ఫ్యాను తిరగడం, ఆగడం, తిరగడం, అంతే. మెమొరీ కడ్డీలు ఒక్కొక్కటే తీసి చూశాను. పక్క కొట్టు ఒడూరో వచ్చి నవ్వాడు.

"అంత తరిమితే మనిషే పడిపోతాడు, ఇదేం లేస్తుందిరా! ఆ బిళ్ల బ్యాటరీ పీకు. నువ్వు పెట్టిన వేగం మరిచిపోయి దారికొస్తుంది."

పీకి, కాసేపాగి పెట్టాను. లేచింది. కానీ అమ్మగారి ఫైలు తెరుచుకోలేదు. ఒడూరో వల్ల కూడా కాలేదు.

మీరిచ్చిన మెమొరీ కార్డులో అసలుది ఉంటుంది కదా అంటారు. ఆదివారం దాన్ని చెరిపేసి ఒక పెళ్లికి వాడాను. అది కంప్యూటర్ తప్పు కాదక్కా.

"ఆ గొంతొక్కటి వినిపించు తమ్ముడూ, మిగతాది ఎలా ఉన్నా ఫర్వాలేదు" అన్నారు మీరు. మిగతాదంతా భద్రంగా ఉంది. ఫొటోలున్నాయి, చర్చి పాటలున్నాయి. శనివారం మాత్రం ఆ గొంతు కోసమని పిల్లలను ముందు వరసలో కూర్చోబెట్టకండి.

బ్యాటరీ తీయడంతో కంప్యూటర్ తేదీ కూడా వెనక్కి పోయింది. తెర మూల 2016 జనవరి ఒకటి అని చూపిస్తోంది. ఆ రోజుకి అమ్మగారు బతికే ఉన్నారు. సరిచేయడానికి నాకు చేతులు రావడం లేదు.

మీరు తమ్ముడూ అని పిలిచిన
వీడియో మనిషి