అత్తగారి అన్న

తిరువళ్ళూరు,
16-7-1978.

రాత్రి కళాశాలలో నా పక్కన కూర్చున్న సుందరానికి ఆప్యాయంగా,

పొన్నేరినుండి నీవు వ్రాసిన ఉత్తరం నిన్న చేరింది. “ఆ సినిమా అంతా ఇన్‌స్పెక్టరు కన్న కల, ఇంకేమీ లేదు” అని ఒక్క వాక్యంతో తేల్చివేశావు. నేను ఒప్పుకోను. కల అనే మాటతో ఎంత చిక్కునైనా పక్కకు నెట్టవచ్చు. నెట్టివేయడం వేరు, విప్పడం వేరు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట తరగతులకు వెళ్ళి పట్టా తెచ్చుకున్నవాళ్ళం. తేలిక దారి మనకు తగదు.

పోయిన ఆదివారం ఉదయం ఆటలో మనిద్దరం చూసినదాన్ని మరొకసారి తలచుకో. మంచు కమ్మిన పాత ఇల్లు. తప్పిపోయిన ఒక పిల్లను వెతుకుతూ ఇన్‌స్పెక్టరు వస్తాడు. తలుపు తీసిన ముసలామె అతన్ని డాక్టరుగారూ అంటుంది. తరువాతి గదిలో అతన్నే నాయనా అని పిలుస్తుంది. ఆ పై గదిలో అతన్ని చూసి పెండ్లికూతురిలా సిగ్గుపడుతుంది. వంటగది తలుపు తెరిస్తే అడవి. వసారాలో తెల్ల గుర్రం. తప్పిపోయిన పిల్ల ఆ ఇంట్లోనే పళ్ళాలు సర్దుతూ ఉంటుంది, కాని ఇన్‌స్పెక్టరు కంటికి కనబడదు. శవం లేదు, హంతకుడు లేడు. ముసలామె ఆ పిల్లకు జడ వేస్తుండగా ఆట ముగుస్తుంది.

సగం ఆటలో జనం లేచిపోతుంటే వెనుక వరుసనుండి ఒకాయన, “ఓయ్ ఆపరేటరూ, రీళ్ళు కలిపేసినావు, సరిగ్గా ఎయ్యప్పా!” అని కేకవేసినది నీకు గుర్తుండాలి. ఆపరేటరు షణ్ముగం తన గది కిటికీలోనుండి తల బయటపెట్టి, “పెట్టె మీదుండే నెంబరు ప్రకారమే ఏస్తా ఉండా సామీ. పిచ్చి నాకు లేదు, తీసినోడికి” అన్నాడు. కాబట్టి ఆ సాకు కూడా మనకు లేదు.

నా నిర్ణయం ఇది: ఆ ముసలామే దోషి. పిల్లను దాచినది ఆమే. వచ్చినవాడిని ఘడియకొక పేరుతో పిలవడం విచారణను దారి తప్పించే ఉపాయం. ఆమె నటిస్తున్నది. దీనికి నీ జవాబు ఏమిటో వ్రాయి.

నా భార్య కోకిల పుట్టింటికి వెళ్ళి పక్షం దాటింది. అత్తగారికి ఒంట్లో కుదురుగా లేదని కోకిల తమ్ముడు జయరామ్ కబురు పంపాడు. సెలవు దొరికింది గనుక నేను కూడా కే.జీ.కండిగైకి బయలుదేరుతున్నాను.

నీతో వాదించకుండా నిద్రపట్టని,
మునిరత్నం, బి.ఏ.

*

తిరుత్తణి,
26-7-1978.

నా వాదనలకు ఓర్చుకునే సుందరానికి,

వెనుకటి ఉత్తరంలో నేను ఇచ్చిన తీర్పు తప్పు. అది తప్పని ఎంత గట్టిగా చెబుతున్నానో, ఇప్పుడు వ్రాయబోయేది సరియైనదని అంతే గట్టిగా చెబుతున్నాను. కావడులతో కొండకు వెళ్ళే జనంతో బస్సులన్నీ నిండిపోయాయి. తపాలా కార్యాలయపు బల్ల దగ్గర నిలబడి ఇది వ్రాస్తున్నాను.

మా అత్తగారు సుబ్బమ్మగారికి జ్ఞాపకం సడలిపోయింది. ఎప్పుడో కాలం చేసిన మామగారికి అన్నం ఎత్తిపెట్టమంటుంది. ఉన్న ఇంటిని మన ఇల్లు కాదంటుంది. సంచి పట్టుకొని రోడ్డు మీదికి నడిచిపోతుంది. జయరామ్, అతని భార్య కాంచన చెడ్డవాళ్ళు కారు. వేళకు స్నానం, అన్నం అన్నీ చూస్తున్నారు. అయితే ఊరివాళ్ళ మాట విని, ఆమెకు గాలి సోకిందని నమ్మారు. వచ్చే శుక్రవారం దయ్యాలను వదిలించే ఒక పూసారిని పిలిపించి, వేపమండలతో కొట్టించి దాన్ని వెళ్ళగొట్టాలని ఏర్పాటు చేశారు. అటువంటి వైద్యం జరిగిన ఒక ఆడమనిషి వీపును కోకిల కళ్ళారా చూసింది. అందుకే నన్ను రమ్మన్నది.

ఇక్కడ నీకు ఇంతవరకు చెప్పని విషయం ఒకటి చెప్పాలి. అత్త అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడకూడదన్నది మా వాళ్ళ పాత మర్యాద. నాకు పెండ్లి అయినది మొదలు మా అత్తగారు తలుపు చాటునుండే నాకు అన్నీ పంపించింది, కోకిల చేతనే అన్నీ అడిగించింది. అది మర్యాదేనని ఇతరులు నమ్మవచ్చు. నేను నమ్మలేదు. ఆ రోజుల్లో నేను బియ్యపు మిల్లులో మూటలు తూచేవాడిని. తలుపు చాటునుండి ఆమె, “మిల్లాయన ఒచ్చినాడా?” అని అడగడం పెండ్లయిన కొత్తలో విన్నాను. ఆ మాట నా లోపల ముల్లులా ఉండిపోయింది. నేను చదువుకున్నది మంచి ఉద్యోగం కోసమని నీకు చెప్పాను. అది సగం నిజం. పట్టా తెచ్చుకొని ఆ ఊరికి మిఠాయి పట్టుకొని వెళ్ళాను. తలుపు చాటునుండి ఒక చెయ్యి వచ్చి పొట్లం అందుకున్నది. ఒక్క మాట కూడా రాలేదు.

అటువంటి మనిషి నేను చేరిన రోజున నన్ను చూడగానే వాకిట్లోకి ఎదురు వచ్చి నా మణికట్టు పట్టుకున్నది. “ఏమన్నా, ఇంత ఆలిస్యమా? బండి యాడ నిలబెట్టినావు? నన్ను మనింటికి తీసకపో” అన్నది. పెరియపాళయంలో ఉండిన తన అన్న వరదరాజులుగారనుకున్నది నన్ను. జయరామ్ అడ్డం వచ్చి, “అమ్మా, ఈయన నీ అల్లుడు. వరదరాజులు మామ సచ్చిపోయి శానా కాలమాయె” అన్నాడు. ఆమె నా చెయ్యి వదిలి అక్కడే కూలబడి, అప్పుడే కబురు అందినదానిలా గుండెలు బాదుకొని ఏడ్చింది. కాస్సేపటికి మరిచిపోయింది. సాయంత్రం నన్ను చూసి మళ్ళీ అన్నా అన్నది. ఈసారి కాంచన సరిదిద్దింది. మళ్ళీ ఏడుపు. సుందరం, ఆ ఇంట్లో వరదరాజులుగారు ప్రతిరోజూ చనిపోతున్నారు! చంపుతున్నది నిజం చెప్పే మనుషులే.

అప్పుడు నాకు మన సినిమా అర్థమయింది. మనం ఇన్‌స్పెక్టరు వెంట నడిచాము గనుక దారి తప్పాము. కెమెరా నిలిచినది ముసలామె కళ్ళ వెనుక. డాక్టరు, కొడుకు, పెండ్లికొడుకు ముగ్గురూ ఆమెకు నిజమే. వాళ్ళందరూ ఒకే గుమ్మంలో వచ్చి నిలుస్తున్నారు. వంటగది అవతలి అడవి ఆమె పుట్టిన ఊరు. తప్పిపోయిన పిల్ల ఆమే. చిన్ననాటి తనను తాను వెతుక్కొంటున్నది. నటన ఎక్కడా లేదు. ఇన్‌స్పెక్టరు అంటే ప్రశ్నలు పట్టుకొని వచ్చే మనమే.

ఇదంతా జయరామ్‌కు విడమరచి చెప్పాను. “ఇంగిలీసు సినిమా సూసి మాయమ్మకు వైద్యం జేస్తావా బావా?” అన్నాడు. నేను వెనక్కు తగ్గలేదు. అత్తగారిని తిరువళ్ళూరికి తీసుకొనిపోతానన్నాను. “కూతురింట్లో మంచినీళ్ళు గూడా ముట్టదే మాయమ్మ! ఆయమ్మ తనంతట తాను బస్సెక్కితే తీసకపో. బలవంతం జేస్తే మాత్రం ఒప్పుకోను. ఎక్కకపోతే శుక్రవారం పూసారి ఒస్తాడు” అన్నాడు. అది న్యాయమైన మాటే.

కూతురి ఇంటికి ఆమె రాదు. అన్న ఇంటికి వస్తుంది. అందువల్ల రేపు ఉదయం నేను వరదరాజులుగారిని. నా సర్వీసులో ఒక్క అసత్యపు అక్షరం వ్రాయనివాడినని నీకు తెలుసు. ఇది అసత్యమా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. కాదు అని జవాబు వచ్చింది. కోకిల మాత్రం, “ఇన్నేండ్లు సదివింది మాయమ్మకు అన్న యేషం కట్టేదానికా మీరు?” అన్నది. నవ్వుతూ అన్నదో ఏడుస్తూ అన్నదో ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను.

పేరు మార్చుకోబోతున్న నీ మిత్రుడు,
మునిరత్నం, బి.ఏ.

*

తిరువళ్ళూరు,
21-8-1978.

దూరంనుండే తర్కించే సుందరానికి,

“నీ అత్తగారిని తీసుకొనిపోయి ఆ సినిమాలో కూర్చోబెట్టావు, తీసినవాడు ఆమెను కలలో కూడా ఎరుగడు” అని వ్రాశావు. ఎరుగకపోవచ్చు. అతడు ఇంటిని కట్టి తలుపులు తెరిచిపెట్టి వెళ్ళాడు. ఏ తలుపులోనుండి పోతే లోపలి మనిషి కనబడుతుందో నేను కనుగొన్నాను. నా అర్థం నిలబడిందా లేదా అన్నదానికి నీవూ నేనూ సాక్షులం కాము. జరిగినది విను.

గురువారం ఉదయం నేను వాకిట్లో నిలబడ్డాను. జయరామ్, కాంచన గుమ్మంలో ఉన్నారు. అత్తగారిని ఏకవచనంలో పిలవాలి; నా నాలుక మొరాయించింది. చివరికి, “లెయ్యి సుబ్బా, మనింటికి పోదాం” అన్నాను. ఆమె సంచి చంకన పెట్టుకొని లేచి, “సీక్రం రా, ఎండ ముదురుతుంది” అని నన్నే తొందరపెట్టింది. బస్సు మెట్టు ఎవరి సాయమూ లేకుండా ఎక్కింది. జయరామ్ కిటికీ దగ్గరకు వచ్చి నా చెయ్యి పట్టుకొని, “మామా, మాయమ్మ జాగ్రత్త” అన్నాడు. బావా అనలేదు. పూసారికి రావద్దని ఆ పూటే చెప్పివచ్చాడట.

ఆనాటినుండి ఆమె ఇక్కడ తన అన్న ఇంట్లో ఉన్నది. ఆకలి వేస్తే అడిగి తింటున్నది. రోడ్డు మీదికి పోవడం పూర్తిగా మానలేదు. అయితే ఎవరో ఒకరం వెంట నడిచి, మలుపు తిరిగి తీసుకొనివస్తే వస్తున్నది. జబ్బు తగ్గుతుందని నేను అనడం లేదు. డాక్టరు కూడా అనలేదు. ఏడుపు మాత్రం లేదు.

ఒకనాడు నేను వసారాలో పత్రిక చదువుతుంటే వచ్చి పక్కన కూర్చున్నది. “అన్నా, కోకిల మొగుణ్ణి నువ్వు సూసినావా?” అని అడిగింది. సుందరం, తలుపు చాటునుండి రాని మాట ఇప్పుడు ఎదురుగా రాబోతున్నదని నాకు తెలిసింది. లేచిపోదామా అనుకున్నాను. లేవలేదు.

“సూసినాలే. ఎట్లాంటోడు?” అన్నాను.

“అట్ల అనొద్దు. ఆయన్ను వాడూ వీడూ అనేది లేదు,” అని నన్ను కోప్పడింది. “మిల్లాయన మిల్లాయన అని ఊరంతా చెప్పుకున్నా. నా కూతురు మొగుడు మిల్లులో పని జేస్తాడు, బురద తొక్కతా కయ్య కయ్యా తిరిగే పని గాదు అని గొప్ప నాకు. ఆ పైన రేత్రిళ్ళు సదివినాడంట. మిఠాయి తెచ్చిచ్చినాడు. ఏమన్నా అందామని నోటిదాకా ఒచ్చె. సదువుకున్నాయన ముందర నోరు తెరిస్తే ఏం తప్పుబడతానో అని బయం. అంత మనిషికి నేనేమని చెప్పేది?”

నేను పత్రికను మడిచి పక్కన పెట్టాను. ఇన్ని ఏండ్లు తలుపుకు అటు పక్క ఉండినది నేననుకున్న చిన్నచూపు కాదు. అల్లుడిగా నేను నూరేండ్లు బ్రతికినా ఈ మాట నాకు చేరేది కాదు. అన్ననైనందువల్ల విన్నాను.

“అన్నా,” అన్నది మళ్ళీ, “నీ ఇంట్లో ఒక పూట ఆయన్ను బోజనానికి పిలువు. నేను వండుతా.”

నిన్న ఆదివారం. కోకిల పొయ్యి దగ్గర కాపలా కూర్చోగా, మా అత్తగారు మునక్కాయ పులుసు, పాయసం చేసింది. చేతులకు మాత్రం ఏమీ మరుపు లేదు. నేను పెరటి దారిన బయటికి వెళ్ళి, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, వీధి చుట్టి వచ్చి, నా ఇంటి గుమ్మంలో నిలబడి దగ్గాను. “అమ్మా, అల్లుడొచ్చినాడు,” అన్నది కోకిల, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని. అత్తగారు వంటింటి తలుపు చాటుకు తప్పుకున్నది. నేను విస్తరి ముందు కూర్చున్నాను. కోకిల వడ్డించింది. చాటునుండి, “పులుసు ఇంగా ఎయ్యి, మొగమాటపడతా ఉండాడు” అని వినబడింది. “అత్తగారి వంట ఇంత బాగుంటుందని నాకు ఎవరూ చెప్పలేదే,” అని గట్టిగానే అన్నాను. చాటున గాజుల చప్పుడైంది. తృప్తిగా, నిండుగా తిని, వెళ్ళివస్తానని చెప్పి బయటపడ్డాను.

చొక్కా విప్పి, తువ్వాలు భుజాన వేసుకొని పెరటివైపునుండి లోపలికి వచ్చాను. ఆమె ముఖం వెలిగిపోతున్నది.

“యాడ పొయ్యినావన్నా? ఆయనొచ్చి తినిపాయె. నా వంట బాగుందని ఆయన నోట్తోనే అనె!”

“నాకు వీధిలో కనపడినాడు. నాతో కూడా అదే చెప్పె.”

“చెప్పినాడా!” అని కొంగుకు చేతులు తుడుచుకున్నది. తరువాత నన్ను పైనుండి కిందికి చూసి, “నువ్వు ఇంగా తినలేదే. కూసో,” అన్నది.

వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె అప్పటికే రెండో విస్తరి వేసింది. కోకిల గరిటె అందుకోబోతే వారించి, నాకు ఎదురుగా పీట వేసుకొని కూర్చొని, నా ముఖంలోకి చూస్తూ తన చేతులతోనే వడ్డించింది.

ఒక్క మధ్యాహ్నంలో రెండు భోజనాలు తిన్న నీ మిత్రుడు,
మునిరత్నం, బి.ఏ.