ఆరు పౌండ్ల నల్ల గొట్టం

గ్రిమ్స్‌బీ,
జనవరి 11, ఆదివారం.

నాయనా డీన్‌కి అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా అని రాయబోయి కలం ఆపాను. అందరం అంటే ఇప్పుడు నేనూ, కుక్కా. అది తింటోంది, పడుకుంటోంది, పొద్దున్నే మీ నాన్న కుర్చీ వాసన చూసి వచ్చి నా కాళ్ళ దగ్గర కూలబడుతోంది. నా సంగతీ ఇంచుమించు అంతే. నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఉత్తరాలు మీ జైలువాళ్ళు ఫోటోకాపీ తీసి ఇస్తారన్నావు కదా, అందుకని నల్ల ఇంకుతో పెద్ద అక్షరాలు రాస్తున్నాను. కొట్టివేతలు ఎక్కువున్నాయి, ఏమీ అనుకోకు. ఈ ఉత్తరం మొదలుపెట్టడం ఇది నాలుగోసారి.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. హీటరు వేసుకుంటున్నాను, సాయంత్రాలు మాత్రమే. కొత్త కోటు వేసుకునే తిరుగుతున్నాను. అంత్యక్రియల రోజు వీడియోలో నా వీపు తప్ప ఏమీ కనపడలేదన్నావు. కెమెరా గది వెనకాల గోడకి పెట్టారు మరి. నా మొహం కనపడకపోవడమే మంచిదైంది. పెట్టె మోసినవాళ్ళలో నలుగురు మీ నాన్నతో పనిచేసినవాళ్ళే. అందులో ఒకడు తెల్లారగట్ల పని దిగి అట్నుంచి అటే వచ్చేశాడు, ఒంటి మీద ఇంకా పొగచేపల వాసన. పాదిరి ముక్కు చిట్లించాడు గానీ మీ నాన్న ఉంటే సంతోషించేవాడు.

జైలు కొట్టు జాబితాలో ఇప్పుడు సిగరెట్ బదులు ఆవిరి పీల్చే రెండు రకాల వేప్‌లు వచ్చాయని, ఏది తీసుకోమంటావని అడిగావు. సన్నపాటి పెన్ను లాంటిది చవకే గానీ దాని గుళికలు రెండు రోజులకే అయిపోతాయని, పెద్దదానికి మొదట్లో ఎక్కువైనా తర్వాత వారమంతా వస్తుందని రాశావు. పెద్దదే తీసుకో. రెండు వారాలు బిస్కెట్లు మానుకునైనా సరే పెద్దదే తీసుకో. కాగితం నింపేటప్పుడు నంబరు చూసి మరీ టిక్కు పెట్టు, పోయినసారిలా పక్క గడిలో పెట్టి వారమంతా పుదీనా వాసనది పీల్చకు. చౌకదాని జోలికి మాత్రం పోకు. ఎందుకు చెప్తున్నానో కింద రాస్తాను.

ఇక నీ ఆఖరి మాట. "నాన్న వేప్ జాగ్రత్తగా దాచమ్మా. ఎవరికీ ఇవ్వకు. మార్చిలో వచ్చాక నేను వాడుకుంటాను. నా కష్టంతో కొన్నదాంట్లో ఆయన నోటిదాకా వెళ్ళింది అదొక్కటే" అని రాశావు. అది చదివి ఉత్తరం మడిచి టీ డబ్బా వెనక పెట్టేశాను. పదిహేను రోజులు అక్కడే ఉంది. టీ పెట్టుకున్నప్పుడల్లా కనపడుతూనే ఉంది.

మీ నాన్న సంగతి నీకు తెలియనిదేముంది. నలభై ఏళ్ళు రేవులో చేపలకి పొగపెట్టాడు, ఇంటికొచ్చి తన ఊపిరితిత్తులకి పెట్టుకున్నాడు. మానమంటే "పొగే కదే నీకు అన్నం పెట్టింది" అనేవాడు. కిందటి మార్చిలో ఆక్సిజన్ మిషను తెచ్చి పెట్టిన నర్సు గట్టిగా చెప్పింది, ఇంట్లో నిప్పు కనపడితే మిషను తిరిగి పట్టుకుపోతామని. అప్పుడు దిగొచ్చాడు. వాడి పారేసే వేప్‌లు దొరికేవి కదా, నోట్లో పెట్టి పీలిస్తే చాలు. పుచ్చకాయ వాసనది పట్టాడు. "సింహం గడ్డి మేస్తోంది చూడండర్రా" అని నేను ఏడిపించేదాన్ని. మిషను ఆపుకుని, హీటరు పక్కన కుర్చీలో కూచుని పీల్చుకునేవాడు. పది వారాలు సిగరెట్ ముట్టలేదు, డీన్. యాభై ఏళ్ళలో మొదటిసారి.

జూన్‌లో ప్రభుత్వం వాటిని ఆపేసింది. నీకు తెలిసి ఇరవై పౌండ్లు పంపావు. అక్కడ పొద్దుటి ఫలహారాల పొట్లాలు కట్టి సంపాదించినవి. నీ వేప్ నువ్వు మానుకుని, ఆరు వారాలు పెన్ను మూత నములుతూ కూడబెట్టినవి. "మంచిది కొనమ్మా, నింపుకునే రకం, నీలం రంగుది, ఇక్కడ అందరూ దాన్నే మెచ్చుకుంటున్నారు" అని రాశావు.

ఫ్రీమన్ వీధిలో ఆ కుర్దు అబ్బాయి హీవా కొట్టు ఉంది కదా, అక్కడికి వెళ్ళాను. మూడు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి నికోటిన్ మందు నింపి వచ్చే గుళికలది. గొట్టం చౌకే గానీ గుళికలు కొనలేక చస్తారు, గుర్రం కొన్నవాడు గడ్డి కూడా కొనాలి కదమ్మా అన్నాడు. రెండోది నువ్వు చెప్పిన నీలంది, ఇరవై పౌండ్లు. పీలిస్తే దానంతట అదే వస్తుంది, మీటా గీటా లేదు, మందు సీసా ఒకటి కొంటే పది రోజులొస్తుంది. మూడోది నల్లగా పెన్నులా ఉంది, ఆరు పౌండ్లు. మీట అయిదుసార్లు నొక్కితే వెలుగుతుంది, నొక్కి పట్టుకునే పీల్చాలి.

"అమ్మా, ఇది కుర్రాళ్ళది. పెద్దాయన వేళ్ళకి పనికిరాదు," అన్నాడు హీవా.

"ఆయన వేళ్ళ సంగతి నీకంటే నాకే బాగా తెలుసులే," అని నల్లదే కొన్నాను.

అవును నాయనా. నేను కొన్నది నీలంది కాదు. నీకు చెప్పింది అబద్ధం.

ఆ శనివారమే నిన్ను చూడ్డానికి అనుమతి వచ్చింది. నిన్ను చూసి నాలుగు నెలలైంది. పింఛను ఇంకా వారానికి గానీ రాదు. రెండు రైళ్ళు, ఒక బస్సు, నీకు తెలుసు కదా. మిగిలిన పద్నాలుగు పౌండ్లూ టిక్కెట్లకి పెట్టాను. నీ డబ్బుతోనే నిన్ను చూడ్డానికొచ్చాను. తర్వాతి పింఛనుతో నీలంది కొని మార్చేద్దాంలే అనుకున్నాను. తర్వాతి పింఛనుకి తర్వాతి ఖర్చు ఉండనే ఉంది.

నువ్వు కుర్చీలో సరిగ్గా కూచోకముందే "నాన్నకి నచ్చిందా?" అని అడిగావు. "నీలందే తెచ్చాను, నోట్లోంచి తీస్తే ఒట్టు" అన్నాను. నువ్వు పక్క బల్ల దగ్గరున్నవాడి వైపు తిరిగి "మా నాన్నకి నేనే కొనిచ్చాను" అని చెప్పావు. నీ మొహం అంతగా వెలగడం నువ్వు లోపలికి వెళ్ళాక నేనెప్పుడూ చూడలేదు. ఇక నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ నల్లదానితో మీ నాన్న మూడు వారాలు కుస్తీ పట్టాడు. ఐసు నీళ్ళలో, కత్తుల మధ్య మొద్దుబారిన వేళ్ళాయె. అయిదుసార్లు నొక్కమంటే మూడు దగ్గర ఆగేవాడు, లేకపోతే ఏడు నొక్కేవాడు. ఎలాగో వెలిగినా, నొక్కిపట్టి పీల్చేసరికి ఆయాసం. మందంతా చొక్కా జేబులో కారి అతుక్కుపోయేది. ఒక్కనాడు తిట్టలేదు. "బాగానే ఉందే, నాకే చేతకావట్లేదు" అని సొరుగులో పడేశాడు.

సెప్టెంబరులో ఆయన టోపీకి పొగాకు వాసన వచ్చింది. ముక్కుకి పెట్టుకున్న ఆక్సిజన్ గొట్టం కుర్చీ మీద వదిలేసి, వెనక పెరట్లో చెత్తడబ్బాల పక్కన నిలబడి సిగరెట్ చుట్టుకుని కాల్చేవాడు. ఇంట్లో నిప్పు ఉండకూడదు కదా, అందుకని బయటికి. నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. నేను కిటికీ తెర వేసేసేదాన్ని. నవంబరులో ఆ చలిలో, వానలో నిలబడి నిలబడి రొమ్ము పట్టేసింది. ఆసుపత్రిలో ఎనిమిది రోజులు. ఏది పీల్చినా ఇంతేనమ్మా, ఆ ఊపిరితిత్తులు ఎప్పుడో పోయాయి అన్నాడు డాక్టరు. తలూపాను. కానీ నీలంది కొనుంటే వెచ్చగా కుర్చీలో కూచుని పీల్చుకునేవాడు కదా. పెరట్లోకి ఎందుకు వెళ్తాడు? రోజూ ఇదే తిప్పి తిప్పి అనుకుంటున్నాను. నువ్వు వద్దన్నా మానలేను.

మరి ఆదివారాలు ఫోన్లో వినపడిన చప్పుడేమిటంటావు. నువ్వు "పీలుస్తున్నావా నాన్నా" అనగానే ఆయన సొరుగు లాగి, ఆ నల్లది తీసి, ఫోను దగ్గరగా పెట్టుకుని గట్టిగా పీల్చేవాడు. అందులో మందూ లేదు, చార్జింగూ లేదు. ఉత్త గాలి. నీతో మాట్లాడి పెట్టేశాక పది నిమిషాలు దగ్గేవాడు. ఒకసారి నువ్వు "నీలం రంగు బాగుందా" అని అడిగావు, గుర్తుందా? చేతిలో నల్లదాన్ని చూసుకున్నాడు. నా వైపు చూశాడు. "మంచి నీలంరా" అన్నాడు నీతో. ఫోను పెట్టేశాక ఒక్క మాట అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. నేనే ఉండబట్టలేక, ఊపిరందక చస్తూ ఆ నాటకం ఎందుకయ్యా అన్నాను.

"వాడు ఆరు వారాలు మానుకుని కొన్నాడే. వాడికి వినపడాలి," అన్నాడు.

పోయాక, సూటు ఇవ్వమని అంత్యక్రియల కంపెనీవాళ్ళు అడిగితే, లోపలి జేబులో ఆ నల్లది పెట్టి ఇచ్చాను. ప్రేమ కొద్దీ కాదు. ఆయనతోపాటు అదీ కాలిపోతే నా అబద్ధం కూడా కాలిపోతుందని. మర్నాడు ఆ కంపెనీ పెద్దమనిషి ఫోను చేశాడు. బ్యాటరీ ఉన్నదేదీ లోపలికి పంపకూడదమ్మా, పేలుతుంది, గుర్తుగా ఇంట్లోనే దాచుకోండి అని చాలా మెల్లగా చెప్పాడు. గోధుమ రంగు కవరులో పెట్టి, పైన మీ నాన్న పేరు "ట్రెవర్" అని రాసి తిరిగిచ్చాడు. ఆయన నా గురించి మంచిగా అనుకున్నాడు పాపం.

మొన్న శుక్రవారం మళ్ళీ హీవా కొట్టుకి వెళ్ళాను. నీలంది ఇమ్మన్నాను. అదే మీ నాన్నదని నీకు చూపించేద్దామని. ఎవరికమ్మా అన్నాడు. మా అబ్బాయికి, వాళ్ళ నాన్నది అన్నాను. అతనికేం అర్థమవుతుంది. చేతిలోకి తీసుకుని చూస్తే నోట్లో పెట్టుకునే కొస నిగనిగలాడుతోంది. ఇంట్లో ఉన్నదాని కొస మీద మీ నాన్న వంకరపన్ను గాట్లున్నాయి, ఆదివారాలు పడ్డవి. ఇంటికి తీసుకెళ్ళి నేనే కొరికితే సరి అని కూడా అనుకున్నాను, ఒట్టు. నావి కట్టుడు పళ్ళు. అక్కడే బల్ల మీద పెట్టేసి వచ్చేశాను.

ఇంత దాచినందుకు నువ్వు తిట్టినా పడతాను. వచ్చే ఆదివారం ఫోను చేయకపోతే నీ తప్పు అనుకోను. అయినా ఎప్పటిలా నాలుగింటికి ఫోను పక్కనే కూచుంటాను.

ఆ నల్లది సొరుగులోనే ఉంది, అదే కవరులో. ఎవరికీ ఇవ్వను. వచ్చాక నోట్లో పెట్టుకుని చూడు. గాలి తప్ప ఏమీ రాదు. మీ నాన్నకీ అదే వచ్చింది.

ఇట్లు,
నీలందని చెప్పిన
మీ అమ్మ