నా కుడి చెయ్యి నయమైనందుకు

జిల్లా పోలీసు పై అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: డ్రై నీడ్లింగ్ వైద్యం వలన నా కుడి చెయ్యి నయమైనందున జరిగిన నష్టం – 'డ్యూటీకి అర్హుడు' అను సర్టిఫికెట్టు రద్దు చేయుట – స్టేషనులో లేని మెట్లు – గురించి మనవి.

స్టేషను వెనక గదిలో పద్నాలుగేళ్లుగా పనిచేయుచున్న కానిస్టేబులునైన నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నా డ్యూటీ కాగితంలో 'విచారణకు సహాయం' అని ఉన్నది. సహాయం అనగా కొట్టుట. ఇన్‌స్పెక్టరు గారు ప్రశ్నలు అడుగుదురు, నేను పిండిమిల్లు బెల్టు ముక్కతో కొట్టుదును, నోరు మాత్రం విప్పను. ఎముక మీద కొడితే విరుగును, విరిగితే ఎక్స్‌రేలో కనబడును. కావున తొడ, పిక్క, జబ్బ, ఇలా కండ ఉన్న చోటనే కొట్టవలెనని నాకు పని నేర్పిన సీనియరు చెప్పినాడు. ఆయన ఇప్పుడు రిటైరై మనవరాలిని బడిలో దింపి వస్తున్నాడు.

2. గత ఏడాది నా కుడి భుజమూ ముంజేయీ పట్టేసినవి. ముద్ద నోటిదాకా వచ్చేది కాదు. చొక్కా గుండీలు నా భార్య పెట్టేది. "ఏం బరువులు మోశారని ఇంత నొప్పి?" అని ఆమె అడిగితే ఫైళ్లు మోశానన్నాను. ఇంట్లో కూడా రిపోర్టు మార్చి చెప్పే అలవాటు అయిపోయినది.

ఆ నొప్పి వలన ఒక మేలు జరిగేదని అప్పుడు తెలియలేదు. పది దెబ్బలు దాటేసరికి భుజంలో మంట లేచి చెయ్యి దానంతట అదే దిగిపోయేది. "వీడి చెయ్యి పడిపోయింది, ఇవాల్టికి చాలు" అని ఇన్‌స్పెక్టరు గారు విసుక్కునేవారు. ఏడాదిపాటు ఆ గదిలో దయ అంటూ ఏదైనా ఉంటే అది నా భుజం కండలో పడిన ముడి ఒక్కటే. లోపలికి తెచ్చినవాడు ఎలాగో కుంటుకుంటూ అయినా తన కాళ్ల మీద తాను పోయేవాడు.

3. చెయ్యి బాగుచేయించుకొమ్మని ఇన్‌స్పెక్టరు గారే ఆసుపత్రికి చీటీ రాసి పంపినారు. అక్కడి ఫిజియోథెరపీ మేడం గారు చేయు డ్రై నీడ్లింగ్‌లో సూదికి మందు ఉండదు. వెంట్రుక కంటె కాస్త లావు సూది. వేలితో తడిమి, ముడి ఎక్కడున్నదో పట్టుకొని, సరిగ్గా అందులోకి దింపుదురు. కండ ఒడ్డున పడ్డ చేపలా ఎగిరిపడును. నేను బల్ల అంచు పట్టుకొని నోటికొచ్చినట్టు తిట్టినాను.

"తిట్టండి, పర్వాలేదు. చెయ్యి మాత్రం బిగించకండి" అన్నారామె. "ఒకే దెబ్బ ఏళ్ల తరబడి కొట్టినవాళ్లకే ముడులు ఇలా పడతాయి. కమ్మరి పనా?"

"అలాంటిదేనండి" అన్నాను.

ఆరు సిట్టింగులలో నొప్పి సమూలముగా పోయినది. సర్టిఫికెట్టు ఇచ్చినారు. ఆ రోజు నా గుండీలు నేనే పెట్టుకున్నాను.

4. మరునాడు, గోడలకు రంగులు వేసే ఒక పెయింటరును తెచ్చినారు. పనిచేసిన ఇంట్లో నగ పోయినదట. కళ్లకు గుడ్డ కట్టే లోపలికి తెచ్చినారు, బోర్లా పడుకోబెట్టినాము. కొట్టితిని. పది దాటినది. చెయ్యి దిగలేదు. నొప్పి రాగానే ఆపుదామని చూస్తున్నాను, అది రాలేదు. ఇన్‌స్పెక్టరు గారు ఫోను వచ్చి బయటకు పోయినారు. ప్రశ్న అడిగేవారే లేరు, నేను కొడుతూనే ఉన్నాను. తొడలయ్యాక పిక్కలు, పిక్కలయ్యాక మళ్లీ తొడలు. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, అయ్యా, చెయ్యి హాయిగా ఉన్నది. బెల్టు నెత్తురుకి జారుతుంటే ప్యాంటుకి తుడుచుకొని మళ్లీ అందుకున్నాను. అతను అరవడం ఎప్పుడు మానేశాడో నాకు తెలియదు.

5. ఎముక ఒక్కటీ విరగలేదు. నలిగిన కండలోని విషం రక్తంలో కలిసి కిడ్నీలు పాడైనవి, మూత్రం నల్లగా వచ్చినది. అదే ఆసుపత్రిలో అతనికి రోజు మార్చి రోజు మిషను పెట్టి రక్తం కడుగుచున్నారు. కాళ్లు కదలవు. కాపలాకు ఎవరూ దొరకలేదని అతని మంచం పక్కన కుర్చీలో నన్నే వేసినారు.

కాళ్లు చూచుటకు ఆ మేడం గారినే పిలిచినారు. ఆమె దుప్పటి తీసి తట్లు చూసి, తరువాత నన్ను చూసినారు. వరండాలోకి రమ్మని, "నేను బాగుచేసిన చెయ్యేనా?" అన్నారు. నేను కుడి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. "కమ్మరి పని అన్నావుగా" అన్నారు. అంతవరకు నన్ను మీరు అనేవారు.

6. రిపోర్టులో 'ముద్దాయి స్టేషను మెట్ల మీద నుండి జారిపడెను' అని ఉన్నది. మన స్టేషనుకు ఒక్క గడప తప్ప మెట్టనేది లేదు. సోమవారం విచారణాధికారి గారు వచ్చులోపల మెట్లయినా కట్టించవలెను, రిపోర్టయినా మార్పించవలెను. ఈ ముక్క ఇన్‌స్పెక్టరు గారితో అంటే, "నోరు మూసుకో. సోమవారం నుంచి లోపలికి వచ్చెయ్, ఇంకొకడున్నాడు. ఇప్పుడు చెయ్యి బాగుందిగా" అన్నారు.

కావున తాము దయతలచి నా సర్టిఫికెట్టు రద్దు చేసి, నన్ను మరల ఆ గదిలోకి పంపవద్దని ఉత్తర్వులిచ్చి, రిపోర్టులో 'మెట్లు' అన్నచోట నా నంబరు రాయించవలసినదిగా వేడుకొనుచున్నాను. ఆ ఇంకొకడు ఎవరో నాకు తెలియదు. సోమవారం నా చెయ్యి ఆగుతుందని నాకు నమ్మకం లేదు. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వెనక గది కానిస్టేబులు

తా.క.: కళ్లకు గుడ్డ ఉండుట చేత నా మొహం, నేను నోరు విప్పనందున నా గొంతు పెయింటరుకు తెలియవు. వారం రోజులుగా నన్ను "అన్నా" అంటూ మంచినీళ్లు అడుగుతున్నాడు. ఇప్పుడు "ఎవరికి అన్నా, అంత పెద్ద ఉత్తరం? చదువు, పొద్దుపోవట్లేదు" అన్నాడు. మొదటి నుంచి చదివాను. నాలుగో అంశంలో ఒక వాక్యం దాటేశాను. "ఏదో మింగేశావు, అదీ చదువు" అన్నాడు. హాయిగా ఉన్నదన్న వాక్యం చదివాను. కాళ్లు దగ్గరకు లాక్కోబోయాడు, రాలేదు. చెయ్యి వచ్చింది. స్టీలు గ్లాసు తీసి మొహాన కొట్టాడు. కాగితం మీది మరకలు నా కనుబొమవి, మన్నించవలెను. తుడుచుకోబోతే, "తర్వాత తుడుచుకుందువు గాని, ముందు చదువు" అన్నాడు. ఆఖరి దాకా చదివించుకొని, పెన్ను ఇమ్మన్నాడు. కింద వంకరగా ఉన్న సంతకం అతనిది. దానిని సాక్షి సంతకముగా స్వీకరించవలెను.