ఆఖరి మునక

24 డిసెంబర్ 2004, శుక్రవారం
అమ్మ బందరు బస్సెక్కింది. కార్తీక పౌర్ణమికి జ్వరంతో తప్పిపోయిందని మార్గశిర పౌర్ణమికి సముద్రస్నానమట. రాలేనివాళ్ల పేరు చెప్పి తలా ఒక మునక వేస్తుందట. శామీర్‌పేటలో మా వీధంతా తిరిగి, పాలమనిషిని కూడా వదలకుండా ఆర్డర్లు తీసుకుంది. నాకేం వద్దన్నాను. వింటేగా! నీది ఆఖర్న, తీరిగ్గా వేస్తానంది. ఈవిడ చాదస్తంతో వేగలేను.

26 డిసెంబర్, ఉదయం 11
టీవీలో సునామీ అంటున్నారు. మద్రాసు, నాగపట్నం. కింద స్క్రోలింగ్‌లో మంగినపూడి. అమ్మతో ఉన్న బందరు మావయ్య ఫోన్ ఎత్తడం లేదు.

సాయంత్రం
మావయ్య దొరికాడు. నీళ్లు లేస్తున్నాయని అందరూ ఒడ్డుకు పరిగెత్తారట. అమ్మ నడుంలోతులోనే నిలబడిందట. రమ్మని కేకేస్తే, "ఇంకొక్కటుందిరా" అందట.

2 జనవరి 2005
బందరొచ్చి ఒడ్డంతా వెతుకుతున్నాం. దొరకలేదు.

9 జనవరి
శామీర్‌పేట వచ్చేశాం. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లూ ఆ పొద్దున తామెక్కడున్నారో చెబుతున్నారు. పక్కింటి జానకీదేవి గారు దేవుడి దగ్గర దీపం పెడుతున్నారట. ఉన్నట్టుండి తల మీంచి నీళ్లు కారి ఒత్తి ఆరిపోయిందట. ఆవిడకు పిల్లి తుమ్మినా శకునమే. ఊఁ కొట్టాను.

11 జనవరి
లాల్‌గడి మలక్‌పేట నుంచి పాలు పోసే బాలనర్సమ్మ వచ్చింది. క్యాన్ దించి గడప దగ్గరే కూలబడింది.
"బర్రె పాలు పిండుతున్ననమ్మా. ఒక్కపారి నెత్తంత తడిసింది. నోట్ల ఉప్పు. ఎవ్వలకు జెప్పలే, పిచ్చిదంటరని."
పాలలో నీళ్ల గొడవతో దసరా నుంచి ఆమెకూ జానకీదేవి గారికీ మాటల్లేవు. ఒకరి కథ ఒకరికి తెలిసే దారి లేదు.
నేనెక్కడున్నాను? వంటింట్లో పూరీలు వత్తుతున్నాను. ఏమీ జరగలేదు. నా తల పొడిగానే ఉంది.
అందరివీ అయిపోయాయి. ఆ ఇంకొక్కటి నాది. వద్దన్నాను కదమ్మా, ఎందుకు ఆగావు? ఏడుపు ఆగడం లేదు.

3 మార్చి
తలస్నానం చేసినప్పుడల్లా నీళ్లు నాలుకతో రుచి చూస్తున్నాను. మా ఆయన ఫణి జీడిమెట్ల డ్యూటీకి లీవు పెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తానంటున్నాడు. పాపం, భయపడుతున్నాడు. బోరునీళ్లు చప్పగానే ఉన్నాయి.

15 డిసెంబర్ 2005, మార్గశిర పౌర్ణమి
పొద్దున్నే పూరీలకు కూర్చున్నాను, కావాలనే.
పిండి జావైపోయింది. పెదాల మీద ఉప్పు. జుట్టులోంచి ఇసుక రాలుతోంది.
తీరిగ్గానే వేసింది.